గోంగూర మడికి కాపలా

మా పాత కంపెనీ వాళ్లం కొందరం ఇప్పటికీ ఒక వాట్సాప్ గ్రూపులో ఉన్నాం. పొద్దున్నే పువ్వుల బొమ్మలు, మధ్యాహ్నం మోకాళ్ల నొప్పులకు చిట్కాలు, సాయంత్రం వాటిని ఖండిస్తూ ఇంకో చిట్కా. మొన్న మాలో ఒకరు అల్లుడు పంపాడంటూ ఏదో దేశం వీడియో పెట్టారు. అద్దాల కొట్టు, లోపల ఏసీ, బల్ల వెనకాల నవ్వుతూ ఒక అమ్మాయి, బల్ల మీద సీసాల్లో గంజాయి. తూకం వేసి, సంచిలో పెట్టి, మళ్లీ రండి అని పంపిస్తోంది. పైగా ఆ దేశంలో వెనకటికి ఈ సరుకు మీద జైలుకెళ్లిన వాళ్ల కేసులన్నీ కొట్టేస్తున్నారట. కుర్రాళ్లు వరసపెట్టి చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేను ఆ వీడియో రెండుసార్లు చూశాను. మొదటిసారి ఆ అమ్మాయి తూకం సరిగ్గా వేసిందా లేదా అని. రెండోసారి చూస్తుంటే మాత్రం నాకు మా గోడౌన్లో పనిచేసిన మామ గుర్తొచ్చాడు.

నేను కొట్ల మధ్య పుట్టినవాణ్ణి. గోదావరి జిల్లాలో ఒక సంత ఊళ్లో మా నాన్నది కిరాణా కొట్టు, పెదనాన్నది బెల్లం కొట్టు, మేనమామది ఇత్తడి సామాన్ల కొట్టు. మా ఇళ్లలో పిల్లలు 'అమ్మా' తర్వాత నేర్చుకునే మాట 'గిట్టదు'. మా తాత చిన్నతనంలో మా వీధి చివర సర్కారు లైసెన్సుతో గంజాయి కొట్టు ఉండేదట. బైరాగులూ, బరువులు మోసేవాళ్లూ వచ్చి కొనుక్కుపోయేవారట. మా తాతకు ఆ కొట్టు మీద ఉన్న అభ్యంతరం ఒక్కటే, ఆ కొట్టువాడు బేరానికి ఒప్పుకోడని. తర్వాత చట్టాలు వచ్చాయి. ఆ పేరెత్తాలంటే తలుపు వేసి రావలసిన రోజులొచ్చాయి. ఇప్పుడు మళ్లీ అద్దాల కొట్టు. ఈ రెండు కొట్లకూ మధ్య కాలంలో దొరికిపోయిన వాడి కేసును కాగితం మీద కొట్టేయడం తేలికే. ఆ మనిషి మళ్లీ నలుగురిలో ఎలా నిలబడతాడన్నది వేరే సంగతి. అది నేనొకసారి దగ్గరుండి చూశాను. అదీ గోంగూర వల్ల.

రెండువేల ఎనిమిది ప్రాంతం. ఒమాన్‌లో ఒక కూరగాయల సప్లయ్ కంపెనీలో నేను పర్చేజర్‌ని. గోడౌన్ అల్ మవాలేలో, మా రూములు, అంటే పనివాళ్ల క్యాంపు, అల్ హైల్‌లో. తెల్లారేసరికి మార్కెట్లో ఉండి, హోటళ్లకు కావలసిన సరుకు బేరమాడి వ్యాన్లకెక్కించడం నా డ్యూటీ. నాకు అరబిక్ అంకెల వరకే వచ్చు. మిగతాదంతా మొహంతో మాట్లాడేవాణ్ణి. ధర వినగానే దగ్గరి బంధువు పోయినట్టు మొహం పెట్టడంలో నన్ను మించినవాడు ఆ మార్కెట్లో లేడు. అందుకే క్యాంపులో అందరూ నన్ను సేటు అనేవారు. అది గౌరవమని చాలాకాలం అనుకున్నాను.

మామ మా గోడౌన్లో హెల్పర్. ఆదిలాబాద్ వైపు మనిషి, నలభై అయిదు దాటి ఉంటాయి. పండిన టమాటాలు ఒక వైపు, పచ్చివి ఒక వైపు వేరు చేస్తూ పొద్దంతా కూర్చునేవాడు. మాట తక్కువ. ఎవరికి ఏ వరసైనా ఆయన అందరికీ మామే. మా అర్బాబ్, అంటే యజమాని, ఆయన అసలు పేరే అదనుకుని 'యా మామా' అని పిలిచేవాడు. అర్బాబ్‌ది షినాస్‌లో చేపల వ్యాపారం చేసిన కుటుంబం. ఆయనకు వచ్చిన హిందీ, నాకు వచ్చిన హిందీ బేరానికి సరిగ్గా సరిపోయేవి. అంతకు మించిన మాటలకు చేతులూ మొహమూ సాయం పట్టాలి.

మామ సెలవుకు వెళ్లొస్తూ చేతిరుమాలు కొసకు ముడేసి గోంగూర విత్తనాలు తెచ్చాడు. ఆయన భాషలో పుంటికూర. మా రూముల వెనక, నీళ్ల ట్యాంకుకూ ప్రహరీకీ మధ్య ఇసుక తవ్వి, గోడౌన్లో కుళ్లిన కూరగాయలు తెచ్చి పూడ్చి, ఏసీ పైపుల నుంచి కారే నీళ్లు డబ్బాల్లో పట్టి పోశాడు. చలికాలం వచ్చేసరికి మడి నడుమెత్తు పెరిగింది. ఎర్రటి కాడలు, అయిదు వేళ్లలా చీలిన ఆకులు, అంచుకు సన్నటి రంపపు పళ్లు. ఆ ఆకును చూసి కళ్లు చెమర్చని తెలుగువాడు మా క్యాంపులో లేడు. పక్క క్యాంపుల నుంచి కూడా వచ్చి నిలబడి చూసి పోయేవారు, సినిమా షూటింగు చూసినట్టు.

శుక్రవారం మధ్యాహ్నం ఆ గోడ పక్కన చిన్న సంత జరిగేది. చుట్టుపక్కల విల్లాల్లో ఇంటిపని చేసే మన ఆడవాళ్లు సెలవు పూట వచ్చేవారు. డబ్బు మాట లేదు. గోంగూర కట్టకు బదులు ఎవరేది తెస్తే అది. మామకు బేరం చేతకాదు. అడగ్గానే ఇచ్చేసేవాడు. చూడలేక ఆ బాధ్యత నేను నెత్తినేసుకున్నాను.

వచ్చేవాళ్లలో కడప నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. నేను అక్కా అనేవాణ్ణి. మాకెదురుగా ఉన్న వీధిలో ఒక ఒమానీ ఇంట్లో వంట చేసేది. మార్కెట్లో నలుగురు వ్యాపారులను లొంగదీసే నేను ఆవిడ ముందు పిల్లిలా అయిపోయేవాణ్ణి.

"ఏందన్నా ఇది, కట్టా మొలతాడా? ఇంత సన్నంగుండాది!"

"అక్కా, ఇది ఒమాన్. ఇక్కడ గడ్డిపోచ మొలవాలన్నా వీసా కావాలి."

"మా మేడం ఇచ్చిన ఖర్జూరాల డబ్బా తెచ్చినా. నాలుగు కట్టలియ్యి."

"అందులో సగం గింజలే కదక్కా!"

"నీ గోంగూరలో సగం కాడలే కదన్నా!"

నేను మొహానికి దగ్గరి బంధువు పోయిన రంగు తెచ్చుకుని రెండు కట్టల దగ్గర బిగించేలోపు, వెనక నుంచి మామ ఇంకో రెండు అందించేవాడు. "తీస్కపో బిడ్డా." అంతే, నా వ్యాపారం మునిగిపోయేది.

ఇలా నడుస్తుండగా ఒకరోజు నీళ్ల ట్యాంకు మోటారు చెడింది. అది చూడటానికి మా క్యాంప్ ఇంచార్జి వెనక వైపుకు వచ్చాడు. ఆయనది ఉత్తరప్రదేశ్. మంచివాడే. అయితే క్యాంపులో కుళాయి కారినా ముందు తన మీదికే వస్తుందని సగం భయంలో బతికేవాడు. మోటారు సంగతి మరిచిపోయి మడి ముందు కొయ్యబారి నిలబడ్డాడు. నన్ను పిలిచాడు.

"సేట్, యే క్యా హై?"

"గోంగూర. మా దేశపు ఆకుకూర."

"నాకు చెప్తున్నావా? మా ఊళ్లో హోలీకి వీధి వీధంతటికీ గంజాయి ఆకు భంగు నూరిపోసింది నేను. ఈ ఆకును చీకట్లో తడిమి చెప్పగలను."

ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పనే ఉండేది కాదు. కానీ నా ఒంట్లో ఉన్నది కొట్టు రక్తం. ఎవరైనా సరుకు వైపు చూస్తే చాలు, దాన్ని పొగడకుండా ఉండలేను. నవ్వుతూ హిందీలో అన్నాను, "అసలు మాల్ భాయ్! ఒకసారి రుచి చూసినవాడు వదలడు. శుక్రవారం వచ్చి చూడు, ఆడవాళ్లు కూడా లైన్ కడతారు."

ఇంచార్జి మొహంలో నెత్తురు లేదు.

"సర్కారు దుకాణంలో భంగు అమ్మే మా ఊళ్లోనే నేను ఇంత ధైర్యంగా మాట్లాడలేదు," అన్నాడు. "ఇక్కడ ఈ మొక్క దొరికితే ఎవరు వేశారని అడగరు. ఈ గోడలోపల ఉన్నవాళ్లందరినీ అడుగుతారు."

అందులో అబద్ధం లేదు. ఆ దేశంలో ఆ విషయంలో వేళాకోళం లేదు. నేను కంగారుగా అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టాను గానీ, ముందు పొగిడి తర్వాత కాదనేవాణ్ణి ఏ కొనుగోలుదారు నమ్ముతాడు? అప్పుడే మామ రూమ్మేటు అటుగా వచ్చాడు. మామ మండలం వాడే. సంగతి విని, మామను ఎలాగైనా కాపాడాలని ఆవేశంగా ఇంచార్జి ముందుకొచ్చి, వచ్చీరాని హిందీలో ఒక వాదన పెట్టాడు.

"భాయ్‌సాబ్, మామకు గంజాయి చెట్టు ఎర్క లేదా? దాని మీదనే ఏడాదికెక్కువ జైల్ల ఉండొచ్చిండు గద! గంత తెల్సినోడు పుంటికూరేస్తే పుంటికూరనే ఉంటది!"

నా జన్మలో ఇంత బలమైన సాక్ష్యం వినలేదు. అది ఎవరి వైపు పడిందన్నదే చిక్కు.

సాయంత్రానికి క్యాంపంతా గుప్పుమంది. ఇంచార్జి అర్బాబ్‌కు ఫోన్ చేశాడు. రెండు రోజుల్లో వస్తాను, అప్పటిదాకా ఒక్క ఆకు కదపొద్దు అని జవాబొచ్చింది. పీకి తగలబెడదామని ఇంచార్జికి ఉంది గానీ, తగలబెడితే ఆ పొగకు క్యాంపంతా తూలుతుందేమోనని ఆయనకే అనుమానం వచ్చింది. చివరికి ప్లాస్టిక్ కుర్చీ వేసి మడి పక్కన ఒక సెక్యూరిటీ మనిషిని కూర్చోబెట్టాడు. బంగారం కొట్లకు కాపలా చూశాను. ఉల్లిపాయల ధర మండిన ఏడాది ఉల్లిపాయలకు కాపలా చూశాను. గోంగూరకు చూడటం అదే.

తిన్నవాళ్లందరికీ ఇప్పుడు ఏదో ఒకటి గుర్తు రావడం మొదలైంది. ఒకడు పోయిన వారం పప్పు తిన్నాక ఊరు కలలోకి వచ్చిందన్నాడు. ఇంకొకడు అందుకేనా నాకు ఈమధ్య ఆకలి ఎక్కువైంది అన్నాడు. వాడికి ఆకలి పుట్టినప్పటి నుంచీ ఎక్కువే. కడప అక్క సంగతి తెలిసి గోడ దగ్గరకు పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, కొంప ముంచినావు కదా! మా మేడం కూడా తినింది. మాంసంలో ఏసి పెట్టినా."

"ఏమైందక్కా?"

"ఆ పొద్దు సాయంత్రం దాకా నన్ను ఒక్క మాట కసురుకోలా. నాకప్పుడే అనుమానం వచ్చింది!"

నవ్వుకున్నాం గానీ, నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మెస్సులో మామ కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. గోడౌన్లో కుర్రాళ్లు ఆయన్ని మామా అనడం మాని 'ఓ భాయ్' అనడం మొదలుపెట్టారు. రూమ్మేటు తన నోటిని తనే తిట్టుకుంటూ రూము బయట పడుకున్నాడు.

మామను గోడౌన్ వెనకకు తీసుకెళ్లి నిజమేనా అని అడిగాను.

"నిజమే సేటూ," అన్నాడు, టమాటా పెట్టె మీద కూర్చుని. "కంది సాళ్ల నడుమ ఏసిన. గింజలు ఒకడు ఇచ్చిండు, పంట నేనే కొంటనన్నడు. ఊళ్లె శానమంది ఏసిన్రు. దొరికింది నేను."

"మరి ఇక్కడ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవలన్న అడిగిన్రా? ఊళ్లె నా పేరు ఎవనికీ యాదికి లేదు సేటూ. గంజాయోని ఇల్లు, గంజాయోని చేను. ఆఖరికి నా ఎద్దును గూడ గంజాయెద్దు అన్నరు. అది ఏం పాపం జేసింది? నేను జైల్ల ఉన్నప్పుడు ఇంటోళ్లు కొన్న ఎద్దది." చేతికందిన కుళ్లు టమాటా ఒకటి ఏరి పక్కన పడేశాడు. "గీడికొచ్చినంక మామనైన. ఇప్పుడు పంపిస్తే మళ్ల ఆడికే వోవాలె."

అదీ సంగతి. మొక్క గోంగూరని తేలకపోతే పోలీసులు. తేలినా, అర్బాబ్‌కు ఈ పాత కేసు నచ్చకపోతే వీసా క్యాన్సిల్, విమానం. నాకు బాగా తెలిసిన పని ఒకటే. మచ్చ ఉన్న వంకాయను మచ్చ కింది వైపు పెట్టి పేర్చడం.

"మామా, అర్బాబ్ ముందు నువ్వు నోరు తెరవొద్దు. నేను మాట్లాడతాను. వేసింది నీ తమ్ముడు. చిన్నవాడు, బతుకు పాడవుతుందని నువ్వు నెత్తినేసుకున్నావు."

"నాకు తమ్ముడే లేడు సేటూ."

"ఇవాల్టి నుంచి ఉన్నాడు."

అర్బాబ్ వచ్చాడు. దిష్‌దాషా అనే తెల్లటి పొడుగు అంగీలో, చేతికర్రతో. వెంట మా అకౌంటెంటు, ఈజిప్టు ఆయన, జీతాల పని మీద. సెక్యూరిటీ మనిషి కుర్చీలోంచి లేచి సెల్యూట్ కొట్టాడు, అర్బాబ్‌కో గోంగూరకో తెలియలేదు. క్యాంపంతా గోడ వెంబడి నిలబడింది. కడప అక్క గేటు దగ్గర చెత్త బుట్ట పట్టుకుని నిలబడింది, చెత్త లేకపోయినా.

ఇంచార్జి తన నివేదిక చెప్పాడు. ఆకు ఆకారం, తన హోలీ అనుభవం, మామ జైలు, నేను స్వయంగా చేసిన ప్రచారం. అన్నీ వరసగా, ఒక్కటీ పొల్లుపోకుండా. నాకే నమ్మకం కలిగింది.

అర్బాబ్ ఒక ఆకు తుంపి వాసన చూశాడు. "దీన్ని తింటారా?"

"పచ్చిది కూడా తినొచ్చు అర్బాబ్!" అని నేను గుప్పెడు ఆకు కోసి నోట్లో కుక్కుకున్నాను. పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి, కళ్లల్లో నీళ్లొచ్చాయి.

"చూడండి, కళ్లు ఎర్రబడుతున్నాయి," అన్నాడు ఇంచార్జి. "కొంచెం ఆగండి, ఎక్కుతుంది."

అందరూ నా వైపు చూస్తూ ఎక్కడం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. మీరెప్పుడైనా ప్రయత్నించారో లేదో గానీ, మత్తులో లేనట్టు కనిపించాలని ప్రయత్నించడమంత కష్టం మరొకటి లేదు. నిటారుగా నిలబడదామంటే కాలు వణికింది. మామూలుగా నవ్వుదామంటే నవ్వు ఆగలేదు. ఎవరో "అయిపోయిండు, సేటుకు ఎక్కింది" అని గొణిగారు.

అర్బాబ్ నా కళ్లలోకి చూసి అడిగాడు. "ఇవాళ ఉల్లిపాయ ఎంతకు కొన్నావు?"

నేను చెప్పాను.

ఆయన ఇంచార్జి వైపు తిరిగాడు. "ఇతనికేమీ ఎక్కలేదు. రోజూ చెప్పే అబద్ధమే చెప్పాడు."

ఈలోగా మా అకౌంటెంటు మడిలోకి దిగాడు. అక్కడ మామ విత్తనం కోసం కోయకుండా వదిలేసిన ముదురు మొక్కలున్నాయి. వాటి నిండా ఎర్రటి కాయలు. ఒక్కటి తెంపి, మీది ఎర్ర తొక్క ఒలిచి, నమిలి, చిన్నపిల్లాడిలా అరిచాడు. "కర్కదే! యా జమాఆ, వినండయ్యా, ఇది కర్కదే!"

వాళ్ల దేశంలో ఈ తొక్కలను ఎండబెట్టి, మరిగించి, చక్కెర వేసి తాగుతారట. పెళ్లిళ్లలో మొదట ఇచ్చేది అదేనట. మెస్సులోంచి వేడినీళ్లు తెప్పించి తొక్కలు వేశాడు. గ్లాసు చూస్తుండగానే ఎర్రగా అయింది. అర్బాబ్‌కు కర్కదే తెలుసు, మొక్క ఎప్పుడూ చూడలేదు. ఒక గుక్క తాగి తలూపాడు. రెండో గుక్క తాగాడు. అంతే, గోంగూర నిర్దోషిగా విడుదలైంది. క్యాంపంతా చప్పట్లు. సెక్యూరిటీ మనిషి కుర్చీ మడిచేశాడు.

"ఆకు మాత్రం అదే," అని గొణిగాడు ఇంచార్జి. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "మొక్క సంగతి సరే అర్బాబ్. మనిషి సంగతి? రేపు నిజంగా ఏదైనా అయితే, ఇలాంటివాణ్ణి తెలిసి కూడా ఉంచుకున్నావేమని అడిగేది నన్ను."

చప్పట్లు ఆగిపోయాయి. కాసేపటి క్రితం మామ భుజం తట్టిన చేతులు జేబుల్లోకి పోయాయి. నేను ముందుకొచ్చి నా సరుకు విప్పాను. తమ్ముడు, చిన్న వయసు, అన్న ప్రేమ, త్యాగం, అన్నీ. మధ్యలో తల్లి కన్నీళ్లు కూడా వేశాను. గేటు దగ్గర కడప అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. సరుకు అమ్ముడుపోయిందనుకున్నాను.

"గది నిజం కాదు అర్బాబ్," అన్నాడు మామ, తన ఆదిలాబాద్ హిందీలో. "నాకు తమ్ముడు లేడు. నేనే ఏసిన. గది ఏందో ఎర్కయ్యే ఏసిన. పట్టుకున్నరు, జైలేసిన్రు, పోయిన. మొత్తం ఉండొచ్చిన. మళ్ల ఏసింది లేదు."

నా ఇన్నేళ్ల వ్యాపార అనుభవంలో నా పేర్పును నా పక్కవాడే తన్ని బోర్లా వేయడం అదే మొదటిసారి.

అర్బాబ్ కర్ర మీద రెండు చేతులూ ఆనించి ఇంచార్జి వైపు తిరిగాడు. "నువ్వు కూడా మీ ఊళ్లో నూరేవాడివి కదా?"

"అది వేరు అర్బాబ్! అది పండగ. అది ప్రసాదం!"

"నా గోడలోపల రెండూ ఒకటే," అన్నాడు అర్బాబ్. గొంతులో నవ్వు లేదు. "ఇక్కడ దొరికితే పండగైనా పంటైనా నేనే పోలీసులను పిలుస్తాను. ఎవరి కోసమూ మాట్లాడను. అర్థమైందా?" అందరూ తలూపారు. మామ కూడా. అప్పుడు నా వైపు తిరిగాడు. "ఇతను జైలుకెళ్లాడు, అడిగితే చెప్పాడు. నువ్వు వెళ్లలేదు, అడగకుండానే అబద్ధం చెప్పావు. నేను ఎవరిని పంపాలి?"

ఆ మాట విని మార్కెట్లో నా శత్రువులు ఎంత సంతోషించేవారో!

"మీ అందరికీ ఈ దేశంలో కఫీల్‌ని నేను," అన్నాడు. "మీరేం చేసినా జవాబు చెప్పేది నేను. ఇతనికి నువ్వు కఫీల్‌గా ఉంటావా? ఇతను తప్పు చేస్తే ఇతనితో పాటు నువ్వూ అదే విమానం ఎక్కుతావు. సరేనా?"

మా వంశంలో ముందు బయానా తీసుకోకుండా ఎవరికీ మాట ఇచ్చిన చరిత్ర లేదు. నా నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆరు నెలలకైతే..."

"లా." కుదరదన్నాడు.

"పోనీ ఏడాది? ఏడాది తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం."

"లా. ఇది టమాటా కాదు."

అందరూ నన్నే చూస్తున్నారు, ఒక్క మామ తప్ప. ఆయన మడిలోకి వంగి, జనం తొక్కిన మొక్కలను నిలబెట్టి మట్టి ఎగదోస్తున్నాడు. తన సంగతి తేలినా తేలకపోయినా మొక్క నిలబడాలి కదా అన్నట్టు. నా నోట్లో పచ్చి గోంగూర పులుపు ఇంకా పోలేదు.

"సరే," అన్నాను.

చెప్పిన ధరకు సరుకు తీసుకున్న మొదటివాణ్ణి మా వంశంలో నేనే.

గోడౌన్‌కు వెళ్లేటప్పుడు పికప్‌లో మామ నా పక్కన కూర్చున్నాడు. కృతజ్ఞతలు చెబుతాడని, వద్దు వద్దు అనడానికి తగిన మొహం సిద్ధం చేసుకున్నాను. అల్ హైల్ దాటాక నోరు విప్పాడు.

"సేటూ, నువ్వు తప్పు జేసినవ్."

"నేనా? నిన్ను కాపాడింది నేను కదయ్యా!"

"నా శిచ్చ నేను పూరా అనుభవించిన. ఒక్క దినం తక్కువ జేయలే. జైలరు తొందరగ ఇడుస్తడేమో అని శానమంది దండాలు వెట్టిన్రు, నేను వెట్టలే. గింత కష్టపడి పూరా జేసిందాన్ని, నువ్వొచ్చి లేని తమ్మునికి ఇచ్చేస్తవా? అప్పుడు నేను జేసింది ఏముంది? ఉత్తగ పోయినట్టే గద."

స్టీరింగ్ వెనక నుంచి నేను ఏదో అనబోయాను. బేరంలో ఎదుటివాడు చివరి మాట చెప్పేశాక ఇంకా మాట్లాడేవాడు మూర్ఖుడని నాకు మా నాన్న కొట్టి నేర్పాడు. మవాలే వచ్చేదాకా రోడ్డు చూస్తూ నడిపాను.

ఆ శుక్రవారం మామ ఎప్పటిలాగే గోనెపట్టా పరిచి కట్టలు పేర్చాడు. నేను పక్కన కూర్చున్నాను. ఎవరూ రాలేదు. రూముల తలుపుల్లోంచి చూస్తున్నారు, అడుగు బయట పెట్టడం లేదు. మొక్క మంచిదని అందరికీ తెలుసు. మామ చేతి నుంచి అది మొదట తీసుకునేది ఎవరన్నదే తేలడం లేదు. కాడలు వాడుతున్నాయి. మామ వాటి మీద నీళ్లు చిలకరిస్తూ కూర్చున్నాడు, తలెత్తకుండా.

కడప అక్క వచ్చింది. చేతిలో లబాన్ పాకెట్లు, అంటే అక్కడి మజ్జిగ. గోనె ముందు నిలబడి, నడుం మీద చెయ్యేసుకుని, గట్టిగా, అన్ని తలుపులకూ వినపడేట్టు అడిగింది.

"మామా, జైలుకు పోయొచ్చినావంట కదా."

మామ తలెత్తాడు. "పోయిన బిడ్డా."

"ఎన్నాళ్లుండినావు?"

"ఏడాది మీద."

"ఊఁ." ఆవిడ వంగి ఒక కట్ట తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "కట్టలు మాత్రం ఈ వారం మరీ అన్యాయంగుండాయి. ఈ లబాన్‌కి నాలుగియ్యి."

నేను అలవాటుగా అందుకున్నాను. "అక్కా, నాలుగంటే గిట్ట..."

"నువ్వూకో సేటూ," అన్నాడు మామ. "మేమిద్దరం మాట్లాడుతున్నం గద." ఆవిడ వైపు తిరిగాడు. "రెండిస్త."

ఆవిడ చేతిలో కట్ట కింద పెట్టేసింది. మామ ఎప్పుడూ అడక్కుండానే ఎక్కువ ఇచ్చే మనిషి మరి. "రెండా? మామా, కండ్లు నెత్తికెక్కినాయా నీకు?"

"లబాను ఎండల వట్టుకొచ్చినవ్ బిడ్డా. సాయంత్రానికి పులుస్తది. రెండే."

"నీ గోంగూర ఇప్పుడే పులుపు కదా, దానికేమంటావు?"

"గది పులుపుంటెనే ధర."

తలుపుల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఇద్దరు ముగ్గురు బయటికొచ్చారు. కడప అక్క రెండు చేతులూ తిప్పింది.

"ఏం బేరమయ్యా ఇది! జైల్లో నేర్పించినారా?"

అక్కడున్న వాళ్లంతా బిగుసుకుపోయారు. మామ ఒక క్షణం ఆవిడనే చూశాడు. తర్వాత నవ్వాడు. నోరంతా తెరిచి, ఒళ్లు ఊగేట్టు. ఆయనకు పై పళ్లు రెండు లేవని నాకు అప్పుడే తెలిసింది.